విద్యాయంత్ర సభలు – ఉపాధ్యాయుల ఉత్సాహము

విద్యాసాంకేతిక సదస్సులను పేరిట ఇప్పుడు ప్రతి పెద్ద నగరమునను సభలు జరుగుచున్నవి. అందుండి తిరిగి వచ్చిన ఉపాధ్యాయుని ఒకమారు పలకరించి చూడుడు. "గొప్ప స్ఫూర్తి పొందితినండీ" అనును. భుజమున కొత్త సంచి యుండును. మెడలోని పేరుబిళ్ళ ఇంకను తీసి యుండడు. ఫోను నిండ ఛాయాచిత్రములుండును. "ఏమి నేర్చితిరి?" అని అడిగినచో మాత్రము కొంత తడబడును. నేనిది పరిహాసమునకు వ్రాయుట లేదు. అట్టి సంచి మా ఇంటిలోను కలదు. ఇప్పుడందులో కూరగాయలు తెచ్చుకొనుచున్నాము.

ఆ స్ఫూర్తి బూటకమని నేననను. ఏండ్ల తరబడి నాలుగు గోడల నడుమ ఒంటరిగా పాఠము చెప్పి, పై అధికారికి పట్టికలు పూర్తిచేసి పంపుటతోనే అలసిన మనిషికి అచ్చట ఏదో ప్రాణము లేచి వచ్చుట నిజము. నా వాదమెల్ల ఒక్కటే: ఆ ప్రాణము యంత్రము నుండి వచ్చునది కాదు, తోటి ఉపాధ్యాయుని నుండి వచ్చునది. మనము దానిని యంత్రము పద్దున జమకట్టి, యంత్రమును కొని తెచ్చుకొని, ఆ తోటి ఉపాధ్యాయుని అచ్చటనే విడిచి వచ్చుచున్నాము. ఈ తప్పుడు లెక్క వలన నష్టపోవువారు పిల్లలు.

రెండేండ్ల క్రిందట విశాఖపట్టణమున అట్టి సభకు నేను పోయితిని. సభ పేరును, జరిపించినవారి పేరును ఇచ్చట అప్రస్తుతము. సముద్రము కనబడు హోటలు, చలిగది, వేదిక వెనుక గోడయంత తెర. రెండు దినములలో మాటలాడినవారిలో అధికసంఖ్యాకులు ఏదో ఒక సరుకు అమ్మువారే. ఒకడు తెరపై కప్ప శరీరమును విప్పి చూపెను. ఒకడు, పిల్లవాడు ప్రశ్న అడుగకముందే సమాధానము చెప్పు యంత్రమును చూపి చప్పట్లు కొట్టించుకొనెను. నేనును కొట్టితిని. పిల్లవానికి ప్రశ్న పుట్టుటకు ముందే సమాధానము వచ్చినచో వానికి మిగిలిన పని యేమియో ఆ నిమిషమున నాకు తోచలేదు.

మధ్యాహ్న భోజనవేళ చేతిలో పళ్ళెముతో నిలుచుండగా నా ప్రక్కన ఒక ఉపాధ్యాయురాలు నిలిచెను. సీతంపేట వైపు కొండ గూడెములోని ప్రాథమిక పాఠశాలలో పని. ఎవరును ఆమెను వేదిక మీదికి పిలువలేదు. వినుటకు మాత్రమే వచ్చినది. మాటవరుసకు మీ బడిలో ఏ యంత్రము లున్నవని అడిగితిని. ఆమె నవ్వి, "నా ఫోనే సార్. దాన్ని ఖాళీ స్టీలు గిన్నెలో నిలబెడితే గది అంతా వినబడుతుంది" అనెను. ఏమి వినిపింతురని మరల అడిగితిని. సవర ముసలమ్మలు చెప్పు కథలను ఆమె ఫోనులో పట్టి తెచ్చును. పిల్లలు తమ యింటి మాట బడిలో విని కిలకిల నవ్వుదురు. ఆ కథకు బొమ్మలు వేయుదురు. ఆమె ఆ బొమ్మల క్రింద వారి మాటలనే తెలుగు అక్షరములలో వ్రాయును. అక్షరము ముందు, తెలుగు భాష తరువాత. "మొదటేడు నేను తెలుగులో మాట్లాడితే నా మొహం చూసి ఊరుకునేవారు సార్. తప్పు వాళ్ళది కాదని తెలిసేసరికి ఏడాది పోయింది" అని చెప్పి పెరుగన్నము కొరకు పోయెను.

ఆ రెండు దినములలో నేను పొందిన విద్య అంతయు ఆ పది నిమిషములే. కాని ఇంటికి తిరిగి వచ్చినప్పుడు నా నోట వచ్చినది ఆమె సంగతి కాదు, తెర సంగతి.

అటు పిమ్మట జరిగినది చెప్పుటకు సిగ్గుగానే యున్నది. ఏడవ తరగతికి నేను ఇంగ్లీషు చెప్పుదును. సభలో చూచిన ప్రశ్నల ఆటను తరగతిలో ప్రవేశపెట్టితిని. తెరపై ప్రశ్న వచ్చును. దాని క్రింద నాలుగు రంగులలో నాలుగు జవాబులు. పిల్లలు చేతిలోని పలకలపై సరియైన రంగును నొక్కవలెను. గెలిచినవారి పేళ్ళు మెరయును, సంగీతము మ్రోగును. తరగతి యంతయు కేకలు. అట్టి సంతోషము నా తరగతిలో మునుపెన్నడును చూడలేదు. ప్రధానోపాధ్యాయులు వచ్చి చూచి మెచ్చుకొనిరి. నేను ఫోటోలు తీసి పంపితిని. మూడు నెలలు ఇట్లు గడచెను. పట్టికలో ఒక బాలునికి ఎప్పుడును నూటికి డెబ్బదికి తక్కువ వచ్చుట లేదు. వెనుక బెంచీలో కూర్చుండు నెమ్మదియైన పిల్లవాడు, బాగుపడినాడని మురిసితిని.

ఒకనాడు కరెంటు పోయెను. చేయునది లేక వాచకము తెరిపించి, ఒక్కొక్కరిని నాలుగేసి పంక్తులు చదువుమంటిని. వాని వంతు వచ్చెను. పుస్తకము పట్టుకొని నిలిచెను, పెదవులు కదలుచున్నవి, ప్రక్కవాడు గొణిగిన మాటను తాను పలుకుచున్నాడు. ప్రక్కవానిని దూరముగా కూర్చుండబెట్టితిని. మాట ఆగిపోయెను. ఇంగ్లీషు రాకున్న పోనిమ్మని తెలుగు వాచకము చేతికిచ్చితిని. ఒత్తు లేని రెండక్షరముల మాటలు కూడబలుక్కొని చదివెను. ఒత్తు కనబడిన చోట నిలిచిపోయెను. మరి తెరమీది జవాబులు ఎట్లు నొక్కితివిరా యని తరువాత వేరుగా పిలిచి అడిగితిని. దాచలేదు. "అందరూ ఏ రంగు నొక్కుతున్నారో చూసి అదే నొక్కేవాణ్ణి సార్" అనెను.

మూడు నెలలు! యంత్రము వానిని చూడలేదన్నచో యంత్రమునకు కన్నులు లేవు. నాకున్నవి. నేను తెరను చూచుచుంటిని. అంతకుముందు, ఉత్సాహము లేని రోజులలో, నేను వారముననొకసారి ప్రతి పిల్లవానిచేత చదివించి వినెడివాడను; ఆ పని విసుగుగా నుండెడిది; ఆట వచ్చిన తరువాత మానివేసితిని. నా ఉత్సాహమునకు ఆ పిల్లవాడు వెల చెల్లించెను.

ఇది నా ఒక్కని అవివేకమైనచో పత్రికకు ఎక్కించవలసిన పని లేదు. నూరేండ్లకు పైగా ఇదే కథ వేషములు మార్చి ఆడుచున్నది. 1913లో ఎడిసను మహాశయుడు, పాఠశాలలలో పుస్తకములకు త్వరలో కాలము చెల్లుననియు, చలనచిత్రముల వలన పదేండ్లలో పాఠశాలల పద్ధతి పూర్తిగా మారుననియు పలికెను. చలనచిత్రములు చేసి అమ్మువాడు ఆయనయే యని గుర్తుంచుకొనవలెను. పిమ్మట రేడియో వచ్చెను. 1954లో స్కిన్నరు పండితుని బోధనాయంత్రము వచ్చెను. 1984లో మన ప్రభుత్వము కొన్ని ఉన్నత పాఠశాలలకు బీబీసీ మైక్రో అను కంప్యూటర్లను పంపెను. ల్యారీ క్యూబన్ అను అమెరికా విద్యాచరిత్రకారుడు 1986లో ఈ కథలన్నిటిని ఒకచోట చేర్చి గ్రంథము వ్రాసినాడు. మొదట ఆర్భాటము, పిదప పరిశోధనల ప్రమాణపత్రములు, ఆ పిదప నిరాశ, చివరకు ఉపాధ్యాయుడు మొద్దుగనుక యంత్రము ఫలింపలేదను నింద – ఈ వరుస ప్రతిమారును తప్పలేదు. నింద మోయుటకు మాత్రము మనము ఎల్లప్పుడును సిద్ధముగా దొరకుదుము.

మన ఆంధ్రదేశమునకు దగ్గరి సంగతి ఒకటి కలదు. 1975 ఆగస్టు 1వ తేదీ మొదలు 1976 జూలై 31 వరకు అమెరికా వారి ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు టెలివిజను పాఠములు ప్రసారమయ్యెను. ఆంధ్రప్రదేశ్ అందొకటి, తెలుగులోను కార్యక్రమములు వచ్చెను. కోళ్ళగూటికి వాడు వలవంటి తీగెలతో చేసిన పెద్ద గిన్నె ఆకారపు ఆంటెనా, దాని క్రింద ఒక పెట్టె, దాని ముందు ఊరంతయు. ఉదయము పిల్లలకు, సాయంకాలము పెద్దలకు. ఏడాది తిరుగగానే ఉపగ్రహము వెడలిపోయెను. అది అరువు సొత్తు. ఐనను ఆ ప్రయోగమును నేను తక్కువ చేయను. అందులో అందరు మరచిన భాగమొకటి కలదు. సెలవులలో వేలకొలది ప్రాథమికోపాధ్యాయులను ఒకచోట కూర్చి, టెలివిజనుతోబాటు రేడియో పాఠములును, అచ్చు పుస్తకములును ఇచ్చి, చేతులతో ప్రయోగములు చేయించి, విజ్ఞానశాస్త్రము చెప్పు పద్ధతి నేర్పిరి. పెట్టె కేవలము ఒక నెపము. ఉపాధ్యాయులు కూడుట అసలు పని. చరిత్రలో మాత్రము ఉపగ్రహము పేరే నిలిచెను.

అంతకన్న పూర్వగాథ ఒకటి చెప్పెదను. 1906 ప్రాంతమున యేట్స్ అను ఆంగ్లేయుడు ఉత్తర సర్కారులలో పాఠశాలల తనిఖీ అధికారిగా నుండెను. జనులు మాటలాడు తెలుగు ఒకటియు, బడిలో చెప్పు తెలుగు మరియొకటియు ఎందులకై యున్నవని ఆయనకు సందేహము కలిగెను. ఆ ప్రశ్న విశాఖపట్టణమున ఏ.వి.ఎన్. కళాశాల అధ్యక్షులైన పి.టి. శ్రీనివాసయ్యంగారిని, విజయనగరములోని గురజాడ అప్పారావుగారిని, పర్లాకిమిడిలో చరిత్ర బోధించు గిడుగు రామమూర్తి పంతులుగారిని కదిలించెను. దాని ఫలితమేమో చదువరులెరుగుదురు. నేను వ్రాయుచున్న ఈ భాషను చూచినచో పంతులుగారు నన్ను క్షమింపరు. అది వేరు సంగతి. అప్పుడు వారి నడుమ ఏ యంత్రము నున్నది? ఒక ప్రశ్న యున్నది. దానిని విడువక పట్టుకొను నలుగురు బడిపంతుళ్ళున్నారు. ఆ రామమూర్తి పంతులుగారే సవరలను ఇంట నుంచుకొని వారి భాష నేర్చి, ఆ పిల్లల కొరకు పుస్తకములు వ్రాసి, సొంత ధనముతో బడి పెట్టిరి. భోజనవేళ నేను చూచిన ఉపాధ్యాయురాలు ఆయన వంశమునకు చెందినది. రక్తసంబంధము చేత కాదు, వృత్తి చేత.

నా మీద ఒక ఆక్షేపణ వచ్చునని యెరుగుదును. "ఈయన సంస్కృతము చదివిన పాతకాలపు పంతులు, యంత్రమనిన గిట్టదు" అందురు. గిట్టకపోవుట లేదు. నిఘంటువు చూచుట మొదలు పిల్లల తల్లిదండ్రులతో మాటలాడుట వరకు నా పని ఫోను లేనిదే సాగదు. 2020లో బడులు మూతబడినప్పుడు మనకు వేరు దారి యేమున్నది? తెలంగాణమున సెప్టెంబరు 1వ తేదీ నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠములు ప్రసారము చేసిరి. ఇంట టెలివిజను ఉన్న పిల్లవానికి అది మేలు. లేని పిల్లవాని సంగతి పొరుగువాని దయ. కేరళమున 2001లో ఆరంభమైన ఐటీ ఎట్ స్కూల్ అను ప్రయత్నమును చూడుడు. అచ్చట బడి పంతుళ్ళే శిక్షకులైరి. ఎవరికిని రుసుము కట్టనక్కరలేని స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును తీసుకొని, తమ బడులకు తగినట్లు తామే దిద్దుకొనిరి. యంత్రము చెడినచో ఎవరిని పిలువవలెనో వారికి తెలియును, తమలో ఒకనిని. ఇట్టి యంత్రమునకు నేను నమస్కరింతును.

నా తగవు వేదికతో. అచ్చట ఎవరు మాటలాడుచున్నారు, ఆ హోటలు ఖర్చు ఎవరు పెట్టుచున్నారు అని అడుగరాదా? పెండ్లికొడుకు తరపువారే కన్యాదాత తరపున కూడ మాటలాడు సంబంధము వంటిది ఇది. 2023లో యునెస్కో వారు విద్యలో సాంకేతికతను గూర్చి ప్రకటించిన నివేదికలో, నిష్పక్షపాతమైన నిదర్శనము అరుదనియు, ఉన్న దానిలో చాల భాగము అమ్ముకొనువారి వద్ద నుండియే వచ్చుచున్నదనియు వ్రాసిరి. అమెరికాలోని 17 రాష్ట్రములలో ఉపాధ్యాయులను, అధికారులను అడుగగా, ఒక సాధనమును స్వీకరించుటకు ముందు పండితుల పరీక్షకు నిలిచిన నిదర్శనము కోరినవారు నూటికి 11 మందియేనట. అంగట బెండకాయ కొనునప్పుడైన తుద విరిచి చూతుము గదా!

మన చోటికే వత్తము. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి పిల్లలకును, వారికి బోధించు ఉపాధ్యాయులకును కలిపి అయిదు లక్షలకు పైగా టాబ్లెట్లు పంచెను. ఉద్దేశము మంచిదే, పేద పిల్లవాని చేతికి ధనికుని పిల్లవాని చేతిలోని వస్తువే రావలెనను కోరికను ఎవరు కాదనగలరు? అందులోని పాఠములను సమకూర్చిన సంస్థ 2024లో దివాలా విచారణలో చిక్కుకొనెను. ఒక వ్యాపారి లాభనష్టములపై మన పిల్లల వాచకము ఆధారపడుట ఏమి న్యాయము? అచ్చు పుస్తకము వ్రాసినవాడు దివాలా తీసినను పుస్తకము అలమరలో నుండును.

గృహస్థులైన చదువరులకు కూడ ఒక మాట. బడి చూడవచ్చు తల్లిదండ్రులు మొదట అడుగునది "డిజిటల్ తరగతులున్నవా?" అని. మీ పిల్లవానిచేత ఈ వారము ఎవరైన చదివించి వినిరా అని అడుగువారిని నా ఇరువది యేండ్ల ఉద్యోగములో వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. మీరు తెరను అడిగినచో బడి తెరను కొనును. ఫీజులో దాని వెల కలుపును. మీరు ఆ రెండవ ప్రశ్న అడిగినచో ఉపాధ్యాయునకు కొంచెము భయమును, చాల గౌరవమును కలుగును.

ఉపాధ్యాయులు కూడుటకు మనకు చోటు లేదా? కొత్తగా కనిపెట్టవలసినది యేదియు లేదు. దగ్గరి బడులన్నియు ఒక గుంపుగా కలిసి పనిచేయవలెనని కొఠారీ సంఘము 1966లోనే చెప్పినది. 1980 దశకమున బ్రిటిషు వారి సహాయముతో సాగిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రణాళికలో ఉపాధ్యాయ కేంద్రములు వెలసినవి. అచ్చట ఇరుగుపొరుగు బడుల పంతుళ్ళు కూడి, తాము చేసిన పాఠోపకరణములను ఒకరికొకరు చూపుకొనెడివారు. స్కూలు కాంప్లెక్సు సమావేశములు నేటికిని జరుగుచున్నవి. 2020 జాతీయ విద్యావిధానము ఉపాధ్యాయునకు ఏటా 50 గంటల వృత్తిశిక్షణ ఉండవలెనని పలుకుచున్నది. ఎముకలన్నియు ఉన్నవి, ప్రాణము లేదు. నేనెరిగిన సమావేశములలో ఉదయమెల్ల పై నుండి వచ్చిన ఉత్తరువులు చదువుటతోను, మధ్యాహ్నమెల్ల హాజరు, భోజనము, మరుగుదొడ్ల ఫోటోలు ఏ యాప్‌లో ఎట్లు ఎక్కించవలెనో చెప్పుకొనుటతోను సరిపోవుచున్నది. నాలుగు గంటలకు సంతకము చేసి బస్సెక్కుదుము.

ఆ దినమున సగము మాకు ఇండు. ఉత్తరువులు ఫోనుకు పంపిన చాలును. అందులకే గదా ఫోను! ఆ సగములో పంతుళ్ళు తమ తరగతిలో జరిగినది చెప్పుకొనవలెను, ముఖ్యముగా చెడిపోయినది. జయించిన కథ చెప్పుట సులభము. సదస్సుల వేదికలన్నియు అట్టి కథలతోనే నిండియున్నవి. ఓడిన కథ చెప్పుటకు ఎదుట అధికారి ఉండరాదు, అమ్మువాడు ఉండరాదు. ఒక వస్తువు కొనవలెనన్నచో ఒక బడిలో ఒక యేడు వాడి చూచిన పంతులు లేచి, మంచియు చెడుగును చెప్పిన పిమ్మటనే కొనవలెను. సదస్సులు జరిపించువారు నిజముగా ఉపాధ్యాయుల స్ఫూర్తినే కోరుచున్నచో, సీతంపేట ఉపాధ్యాయురాలిని వేదిక మీదికి పిలిచి, కప్పను విప్పి చూపినవానిని భోజనశాలలో నిలుపుదురు గాక.

మా బాలుని సంగతి. బడి విడిచిన తరువాత దినమునకు ఇరువది నిమిషములు వానిచేత చదివించుచున్నాను. ఫోనును ఆమె చెప్పినట్లే గిన్నెలో పెట్టి, వాడు చదివినది పట్టి వానికే వినిపింతును. తన గొంతు తాను విని తప్పును తానే దిద్దుకొనును. ఒత్తులు వచ్చినవి. రెండవ తరగతి వాచకము ముగించి మూడవది పట్టినాడు. ఏడవ తరగతి పరీక్షకు ఇది చాలదని నేనెరుగుదును, వాడును ఎరుగును. వచ్చే కాంప్లెక్సు సమావేశమున ఈ సంగతియంతయు, ఆ మూడు నెలలతో సహా, తోటివారి యెదుట చెప్పుటకు అనుమతి అడిగితిని. ఉత్తరువులు చదువుట ముగిసిన పిమ్మట వీలున్నచో పది నిమిషములు ఇచ్చెదమనిరి.